ఉందండి, ఇవ్వనండి

నా భార్య రెండు చీరలకు ఫాల్ కుట్టించుకొస్తానని సంచి పట్టుకుని వెళ్లింది. అరగంటలో ఆ రెండు చీరలూ అలాగే తిరిగొచ్చాయి. గుమ్మంలో చెప్పులు కూడా విడవకుండా, "ఆవిడ పోయిందటండీ. నాలుగు రోజులైందట. ఇంటివాళ్లు గది కూడా కడిగేశారు" అంది.

వినగానే నేను మొదట చేసిన పని చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది. లేచి లోపలికి వెళ్లి బీరువాకి తాళం వేసి ఉందో లేదో లాగి చూశాను. కళ్లు చెమర్చడం ఆ తర్వాత. బీరువా అడుగు అరలో, నా పెన్షన్ కాగితాల కింద, ఆవిడ దాచమని ఇచ్చిన కవరు ఒకటి ఉంది. ఆ కవరు కోసం ఎవరో ఒకరు వస్తారని నాకు తెలుసు. ఎవరు వస్తారో కూడా తెలుసు.

ఆవిడ పేరు రాయను. ఆవిడకి రెండు పేర్లు. ఏది రాసినా ఎవరిదో ఒకరి కొంప మునుగుతుంది.

మొదటిసారి ఆవిడని భర్తతో చూశాను. అప్పట్లో నేను విజయవాడలో కాలవల ఆఫీసులో గుమాస్తాని. ఉద్యోగుల సర్వీసు రిజిస్టర్లు, పోయినవాళ్ల పెన్షన్ కాగితాలు నా బల్ల మీద ఉండేవి. ఆయన పామర్రు అవతల ఒక కాలవ మీద లస్కరు. తూము తలుపులు ఎత్తడం, దించడం ఆయన పని. ఏడాదికోసారి ఏదో ఇంక్రిమెంటు ఆగిందనో, సెలవు కలపలేదనో మా ఆఫీసుకి వచ్చేవాడు. ఆయన నాతో మాట్లాడుతుంటే ఆవిడ బెంచీ అంచు మీద కూర్చుని, చేతిసంచి ఒళ్లో పెట్టుకుని, దాని జిప్పు మూడంగుళాలు తెరిచి లోపలికి ఒకసారి చూసి మళ్లీ మూసేది. పావుగంటకోసారి అంతే. లోపల ఏదో నిద్రపోతున్నట్టు, అది లేవలేదని చూసుకుంటున్నట్టు ఉండేది.

నుదుట ఎర్రటి స్టిక్కరు బొట్టు ఉండేది. ఒకరోజు నేను టీ తాగడానికి కిందికి దిగినప్పుడు చూశాను, గేటు దాటగానే ఆవిడ ఆ బొట్టు ఊడదీసి చేతిసంచి మూతకి లోపలివైపు అంటించింది. అక్కడ అప్పటికే నాలుగైదు బొట్లు వరసగా ఉన్నాయి. ఎంత పొదుపు మనిషో అనుకున్నాను. గుమాస్తా బుర్ర అంతకంటే దూరం పోదు.

ఆయన సర్వీసు రిజిస్టరులో నామినీ గడిలో తల్లి పేరు ఉంది. పెళ్లికి ముందు, ఉద్యోగంలో చేరిన రోజున రాసింది. "ఏవయ్యా, పెళ్లయి ఇన్నేళ్లయింది, భార్య పేరు ఎక్కించుకోవా? పెళ్లి సర్టిఫికెట్టు తెచ్చి ఒక అర్జీ పడెయ్, మిగతాది నేను చూసుకుంటా" అని రెండుసార్లు చెప్పాను. ఆయన ఆవిడ వంక చూశాడు. ఆవిడ జిప్పు వంక చూసుకుంది. "చూద్దాం సార్" అని నవ్వేశాడు. బద్ధకం అనుకున్నాను. బతికుండగా ఈ గడులు ఎవరికీ పట్టవు.

ఒకరోజు పొద్దున్నే తూము దగ్గరే గుండె పట్టుకుని కూలబడిపోయాడు. ఇంకా ఎనిమిదేళ్ల సర్వీసు ఉంది. పిల్లలు లేరు.

సర్వీసులో పోయిన ఉద్యోగి పెన్షన్ భార్యకి వెళ్తుంది. భార్యా పిల్లలూ లేరంటే ఆయన మీద ఆధారపడ్డ తల్లికి వెళ్తుంది. ఆ తల్లి చిన్నకొడుకు దగ్గర ఉంటోంది. చిన్నకొడుకంటే ఆవిడ మరిది. నెల తిరక్కుండానే తల్లి వేలిముద్రతో మా ఆఫీసుకి అభ్యంతరం అర్జీ వచ్చింది. 'నా పెద్దకుమారుడు అవివాహితుడు. సదరు స్త్రీ అతని ఇంట వంట చేయుచుండెను.' చేతిరాత మరిదిది. గుండ్రటి అక్షరాలు, ముత్యాల్లా ఉంటాయి. అంత అందమైన రాతలో అంత మాట నేను అంతకుముందు చదవలేదు.

అధికారి ఇద్దరినీ పిలిపించాడు. నేను పక్కన కూర్చుని రాస్తున్నాను. మరిది తెల్లచొక్కా వేసుకుని, జేబులో పెన్ను పెట్టుకుని, చేతులు కట్టుకుని నిలబడ్డాడు. మాట ఎంత మెత్తనో.

"ఏ పెళ్లండీ? ఎక్కడ జరిగింది? ఎవరు చేశారు? చెప్పమనండి సార్. కాగితం ఉంటే చూపించమనండి. చూపిస్తే నేనే దండం పెట్టి వెళ్లిపోతాను."

అధికారి ఆవిడ వైపు తిరిగాడు. "ఏమ్మా, పెళ్లి సర్టిఫికెట్టు ఉందా?"

ఆవిడ జిప్పు తీసింది. ఆ రోజు మూడంగుళాల దగ్గర ఆగలేదు, సగం దాకా వచ్చింది. మరిది వైపు చూసి, "చూపించమంటావా అయ్యా?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. నిజంగానే అతని సలహా అడుగుతున్నట్టు అడిగింది.

మరిది నవ్వు చెరగలేదు గానీ, చెయ్యి మాత్రం జేబులో పెన్ను మీదికి వెళ్లింది. "నీ ఇష్టం. ఉంటే చూపించుకో" అన్నాడు.

ఆవిడ వేళ్లు జిప్పు మీదే ఉన్నాయి. ఆ కాసేపూ నాకు ఎందుకో భయం వేసింది. ఆ సంచిలోంచి బయటికొచ్చేది కాగితం అయినా సరే, రాకపోతేనే మంచిదేమో అనిపించింది. ఆవిడ జిప్పు మూసేసింది.

"ఉందండి. కానీ ఇవ్వనండి" అంది అధికారితో.

"ఇవ్వకపోతే నేనేం చెయ్యనమ్మా?"

"మీ రూలు ప్రకారం రాసుకోండి సార్."

రాసింది నేనే. 'వివాహ ధ్రువపత్రము దాఖలు చేయలేదు.' ఆ ఒక్క వాక్యం మీద ఆర్డరు వచ్చింది. దాన్ని టైపు చేసిందీ నేనే. పెన్షన్ తల్లికి వెళ్లింది. ఊళ్లో ఇల్లు ఎలాగూ మరిది చేతిలోనే ఉంది.

ఆ రోజు ఆవిడ బయట బెంచీ మీద కూర్చుని ఉంటే నేను వెళ్లి కసిరాను. "ఉన్న కాగితం ఇవ్వడానికి ఏం రోగం అమ్మా నీకు?"

"రోగం నాకు కాదులెండి" అని లేచి చీర కుచ్చిళ్లు సర్దుకుంది. "సార్, మీ ఇంట్లో చీరలకి ఫాల్ కుట్టించుకుంటారా? నేను విజయవాడ వచ్చేస్తున్నా."

అలా మా ఇంటికి రాకపోకలు మొదలయ్యాయి. మాచవరంలో ఒక గది అద్దెకు తీసుకుంది. మా వరండాలో గోడకి ఆనుకుని, చీర మోకాళ్ల మీద పరుచుకుని, టేపు వాడకుండా జానెడు జానెడు కొలుచుకుంటూ కుట్టేది. సూది ఎప్పుడూ పైట మీద, భుజం దగ్గర గుచ్చి ఉండేది. ఆదివారం సూది ముట్టదు. తొందరగా కావాలని నా భార్య ఎంత బతిమాలినా, "ఆదివారం ఆయనదండి" అనేది. కుట్టిన ఫాల్ చీర చిరిగినా ఊడేది కాదు. నా భార్యని అక్కా అనడం, నన్ను అన్నయ్యగారూ అనడం ఎప్పుడు అలవాటైందో గుర్తు లేదు.

నా చేత్తో టైపు చేసిన ఆర్డరు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. తెలిసిన లాయరు దగ్గరికి పంపాను. మూడో రోజు వచ్చి సూదిలో దారం ఎక్కిస్తూ చెప్పింది.

"కాగితం లేకపోయినా పర్లేదన్నారండి. రేషన్ కార్డులో భార్య అని ఉంది, ఓటరు లిస్టులో ఉంది. కాలవ గట్టున అన్నేళ్లు కాపురం చేశాం, చుట్టుపక్కలోళ్లు చెప్తారు. కోర్టు నమ్ముద్దన్నారు."

"మరింకేం?"

"పెళ్లి ఎక్కడ జరిగిందని అడుగుతారటండి. గుళ్లో అని చెప్పమన్నాడు ఆయన గుమాస్తా. ఇద్దరు సాక్షుల్ని కూడా వాళ్లే చూస్తారట." దారం పళ్లతో తెంపింది. "నా పెళ్లి చర్చిలో జరిగిందండి. ప్రమాణం చేసి, గుళ్లో జరిగిందని ఎట్లా చెప్పనండీ?"

అప్పుడు తెలిసింది నాకు ఆ బొట్టు సంగతి. వాళ్లాయన ఉద్యోగం ఎస్సీ కోటాలో వచ్చింది. క్రైస్తవుడని రుజువైతే ఆ కులం సర్టిఫికెట్టు చెల్లదు. తాతల నాడు బాప్తిస్మం తీసుకున్నంత మాత్రాన వాళ్ల వీధి ఊరి ఆ చివర నుంచి ఈ చివరకి రాలేదు. వాళ్లకి గ్లాసు విడిగా పెట్టినవాళ్లు, మీరు ఏ దేవుడికి మొక్కుతారని అడిగి పెట్టలేదు. కానీ కాగితం అడుగుతుంది. అందుకని మా కృష్ణా డెల్టాలో ఎన్నో ఇళ్లలో ఆదివారానికో పేరు, ఆఫీసుకో పేరు. ఊరందరికీ తెలుసు, ఎవరూ రాయరు. భార్య పేరు ఎక్కించుకోవయ్యా అని నేను గదమాయిస్తుంటే ఆయన ఎందుకు నవ్వేవాడో అప్పుడు అర్థమై నా మీద నాకే రోత పుట్టింది. పెళ్లి సర్టిఫికెట్టు ఇస్తే ఉద్యోగం పోతుంది. ఇవ్వకపోతే భార్య భార్య కాకుండా పోతుంది.

అయినా నా నోటికి ఒక జబ్బు ఉంది, ఊరుకోదు. "మరి ఆఫీసుకి బొట్టు పెట్టుకొచ్చేదానివిగా, అది అబద్ధం కాదా?" అన్నాను.

ఆవిడ ఏమీ అనుకోలేదు. "అది మొహం మీదండి. ప్రమాణం నోటితోటి చేసేది." సూది పైట మీద గుచ్చుకుని నవ్వింది. "అయినా ఇప్పుడా బాధ తప్పిందిగా అన్నయ్యగారూ. మొగుడు పోయాక చర్చికైనా ఆఫీసుకైనా ఒకటే మొహం."

నా భార్య కాఫీ గ్లాసు ఆవిడ పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

నెలకోసారి, మొదటి ఆదివారం, పామర్రు బస్సెక్కేది. ఆ రోజు వాళ్ల ఊరి చర్చిలో ప్రభువు సంస్కారం. రొట్టె, ద్రాక్షరసం తీసుకోవడానికి అందరూ వరసగా మోకరిస్తారు. మగవాళ్ల వైపు మరిది, ఆడవాళ్ల వైపు ఆవిడ. ఇద్దరికీ ఒకే గిన్నె. బయట చెప్పుల దగ్గర ఎదురుపడి, "వందనాలు వదినా. ఒంటరిగా ఉంటున్నావు. కాగితాలూ అవీ జాగ్రత్త, ఎలకలు కొట్టేస్తాయి" అనేవాడట.

"వదిన అంటాడా! ఆఫీసులో సదరు స్త్రీ అని రాశాడుగా!" అని మండిపడ్డాను.

"నోటితో అనడానికేముందండీ, గాల్లో పోద్ది. ఒక్కసారి రాతలో అంటే చాలు. నాకా పెన్షన్ కూడా వద్దు. ఆ గుండ్రటి రాతతోటి, మా అన్న భార్య అని ఒక్క ముక్క." అని మళ్లీ చీర మీదికి వంగింది. ఆవిడ ఏదైనా కావాలని నోరు తెరిచి అడగడం నేను విన్నది అదొక్కసారే.

నాలుగైదేళ్లకి ఆవిడ అత్తగారు పోయింది. పెన్షన్ ఆగిపోయింది. నేను రిటైరయ్యాను. మరిది కూతురికి విజయవాడ గవర్నమెంటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సు ఉద్యోగం వచ్చింది. అక్కణ్ణుంచి మొదలైంది. ఆవిడ వీధి చివర సాయంత్రాలు ఒక బండి ఆగేది. దాని మీద మనిషి దిగడు, హెల్మెట్టు తియ్యడు. ఎవరో వచ్చి ఇంటివాళ్లని, ఈ గది ఖాళీ అవుతుందా అని అడిగి వెళ్లారు. చర్చిలో పాత పెళ్లి రిజిస్టరు వానకి తడిసి పాడైపోయిందని కబురొచ్చింది. ఆ ఏడు అంత వాన పడలేదని ఆవిడే అంది.

ఒక మొదటి ఆదివారం పామర్రు నుంచి వచ్చేసరికి గది తాళం పగలగొట్టి ఉంది. కుట్టు పెట్టె బోర్లించారు. పక్కింటివాళ్ల చీరలన్నీ మడతలు విప్పారు. దిండు గలీబు చింపారు. పరుపు కింద పెట్టుకున్న డబ్బు మాత్రం పెట్టిన చోటే ఉంది. దొంగతనమైతే బాగుండునని నా భార్య అంది.

మర్నాడు పొద్దున్నే వచ్చింది ఆవిడ. జిప్పు మొత్తం తెరవడం నేను చూసింది అప్పుడే. ప్లాస్టిక్ కవరు లోపల బట్టల షాపు కవరు, దాని లోపల కాగితం. "చదవండి" అంది.

చర్చి ముద్ర. వరుడు, వధువు. ఆదివారం పేర్లు. కింద సాక్షులు. మొదటి సంతకం దగ్గర నా కళ్లు ఆగిపోయాయి. గుండ్రటి అక్షరాలు, ముత్యాల్లా.

"వీడా సాక్షి!"

"తోడుపెళ్లికొడుకు వాడేనండి. కొత్త ప్యాంటు కుట్టించారు వాడికి."

"ఇన్నాళ్లూ ఇది పెట్టుకుని... ఆ రోజే వాడి మొహాన కొట్టి ఉండాల్సింది!"

"కొడితే మా ఆయన ఉద్యోగం దొంగ ఉద్యోగం అయిపోదాండీ? పోయినాయన్ని దొంగని చెయ్యనా? ఆ సంతకంతోటి వాళ్ల ఇల్లూ కదుల్తది. అప్పుడు పిల్ల నర్సింగు సీట్లో చేరి ఆర్నెల్లు. దాని కులం సర్టిఫికెట్టూ అదేగా."

"వాడి కూతురు. నీకేంటి?"

"వాళ్లమ్మకి ఒంట్లో బాగోక ఏడేళ్లొచ్చేదాకా నా దగ్గరే పెరిగిందండి. జడ నేనే వేసేదాన్ని. వాడు నన్ను లేదన్నాడని నేను పిల్లని లేదనగలనా?"

"ఆ మాట వాడికే చెప్పెయ్. ఎప్పటికీ బయటపెట్టను, భయపడొద్దని."

"ప్రతి నెలా చెప్తానండి. నమ్మడు. నా చోట తానుంటే ఏం చేసేవాడో వాడికి తెలుసుగా."

"అయితే చింపి పారెయ్. పీడా పోతుంది."

నేను చెయ్యెత్తి కొట్టినట్టు చూసింది నన్ను. "చింపేస్తే నేనెవర్నండి?" అంది.

కాగితం మడిచి మళ్లీ కవర్లో పెట్టాను. కవరు బీరువాలో పెడుతూ, ఎవరైనా అడిగితే ఏం చెప్పమంటావు అన్నాను. "ఉందని చెప్పండి, అబద్ధం ఎందుకు. ఇవ్వనని చెప్పండి" అంది. ఆ తర్వాత కూడా వచ్చినప్పుడల్లా బెంచీ అలవాటు ప్రకారం ఖాళీ సంచి జిప్పు తెరిచి చూసుకునేది.

ఇప్పుడు పోయింది. కుడుతూ కుడుతూ పక్కకి ఒరిగిపోయిందట. ఇంటివాళ్లు ఆటోలో గవర్నమెంటు ఆస్పత్రికి తీసుకెళ్తే అక్కడ డ్యూటీలో ఆ పిల్లే ఉందట. రెండు రోజులు మంచం పక్కనే ఉండి, పెద్దమ్మా పెద్దమ్మా అని ఏడ్చి, చివరికి కళ్లు తనే మూసిందట. ఆ పిల్లకి ఏమీ తెలియదు.

వారం తిరక్కుండానే మరిది వచ్చాడు. జుట్టు నెరిసింది, చొక్కా అదే తెలుపు, జేబులో పెన్ను. ఆవిడ చేతిసంచి తెచ్చి నా బల్ల మీద పెట్టాడు.

"నమస్కారమండి. మా వదిన సామాన్లు చూస్తున్నాను. ఒక కవరు కనపళ్లేదు. మీ ఇంటికి వస్తుండేదని మా అమ్మాయి చెప్పింది. మీకేమన్నా ఇచ్చిందేమోనని."

"ఇస్తే మీకెందుకివ్వాలి?" నాకు తెలియకుండానే పాత గుమాస్తా గొంతు వచ్చేసింది. "మీరు ఆవిడకి ఏమవుతారు? రుజువేంటి?"

ఆ ప్రశ్నకి సిద్ధపడే వచ్చాడు. జేబులోంచి మడత కాగితం తీసి ఇచ్చాడు. ఆస్పత్రిలో శవాన్ని, వస్తువుల్ని అప్పగించేటప్పుడు రాయించుకున్న కాగితానికి జిరాక్సు. 'మృతురాలు నా స్వంత అన్నగారి భార్య. ఆమెకు నేను తప్ప దగ్గర బంధువులు లేరు. ఆమె చేతిసంచి నాకు ముట్టినది.' కింద సంతకం.

ఒకసారి చదివాను. మళ్లీ చదివాను. గుండ్రటి రాత, వంకర లేదు. ఇన్నేళ్లు ఏ ముక్క రాయకుండా తప్పించుకుంటూ వచ్చాడో ఆ ముక్కే సంచి కోసం రాసిచ్చాడు. రాసి, సంతకం చేసి, దాన్నే రుజువని తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఏం రాశాడో అతనికి ఇంకా తట్టలేదు.

"అన్నగారి భార్యా?" అన్నాను.

"అవునండి."

"ఏ పెళ్లండీ? ఎక్కడ జరిగింది? ఎవరు చేశారు?"

అతని చెయ్యి పెన్ను మీదికి వెళ్లింది. కాగితం నా చేతిలోంచి లాక్కున్నాడు. మడత పెట్టడానికి రెండుసార్లు ప్రయత్నించి, నలిపి జేబులో కుక్కుకున్నాడు.

"కవరు ఉందా లేదా చెప్పండి సార్."

"ఉందండి. కానీ ఇవ్వనండి."

గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "నాకు ఒక్కతే కూతురు సార్" అన్నాడు. గొంతు మెత్తగానే ఉంది గానీ అది బతిమాలడమో బెదిరించడమో నాకు తెలియలేదు. వెళ్లిపోయాడు. అతను భయపడితే నాకు సంతోషం కలిగింది, దాచడం దేనికి. ఆవిడ అయితే సంతోషపడేది కాదు. వెనకాలే గేటు దాకా వెళ్లి, పిల్లకేం కాదులే అయ్యా అని చెప్పి ఉండేది. నాకా మాట నోట రాలేదు.

సంచి మర్చిపోయాడు. మూత లోపలివైపు ఆ బొట్లు ఇంకా ఉన్నాయి, రంగు వెలిసి. కవరు తీసి అందులోనే పెట్టి జిప్పు వేసి బీరువాలో పెట్టాను. నా దగ్గరి జిరాక్సు లాక్కుపోయినా ఆస్పత్రి ఫైల్లో ఆ రాత ఉంటుంది. బతికుండగా ఆవిడ అడిగింది ఆ ఒక్క ముక్కే. శవాన్ని తీసుకునేటప్పుడు గానీ అది కాగితం మీద పడలేదు.

మొన్నటి నుంచి సాయంత్రాలు మా వీధి చివర ఒక బండి ఆగుతోంది. దాని మీద మనిషి దిగడు. వచ్చే ఆదివారం హనుమాన్ జంక్షన్‌లో బంధువుల పెళ్లి ఉంది, ఇల్లు తాళం వేసి ఎలా వెళ్తామని నా భార్య అడుగుతోంది. నేను మాత్రం పావుగంటకోసారి లేచి వెళ్లి, బీరువా తలుపు మూడంగుళాలు తెరిచి, లోపలికి ఒకసారి చూసి, మళ్లీ మూసి వస్తున్నాను.